విద్యార్థుల చేతిలో చలనచిత్రం

సురవరం ప్రతాపరెడ్డిగారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వ్రాయబూనినప్పుడు రాజుల పేర్లకు, యుద్ధాల తేదీలకు కొదవ లేదు. కొదవపడినది సామాన్యుని జీవితం. మన పూర్వులు ఏమి తిన్నారు, ఏ బట్ట కట్టినారు, పిల్లలు ఏ ఆటలాడినారు, సంతలో ఏ సరుకు అమ్మినారు అనే సంగతులను వారు కావ్యాలలో, శతకాలలో, చాటువులలో గింజగింజగా ఏరుకోవలసి వచ్చినది. ఒక పద్యంలో ఒక మాట దొరుకుతుంది. నిఘంటువు ఆ మాటను తేల్చదు. అప్పుడు పల్లెజనుల వాడుకలో దాని అర్థం వెదకవలె. 1949లో వెలువడిన ఆ గ్రంథానికి 1955లో సాహిత్య అకాడమి బహుమతి లభించినది. తెలుగుకు దక్కిన మొదటి అకాడమి బహుమతి అదే.

మన కాలాన్ని గురించి మరొక నూరేండ్లకు అటువంటి గ్రంథం వ్రాయదలచినవారికి పద్యాలు ఏరుకొనే శ్రమ ఉండదని మనమనుకొంటాము. ప్రతి ఇంటిలోను కెమెరా గల సెల్‌ఫోను ఉన్నది గదా! కాని ఆ ఫోనులో ఏమున్నది? పుట్టినరోజు కేకు కోయడం ఉన్నది, పెండ్లి బరాతులో చిందులున్నవి, అద్దం ముందు నిలిచి తీసుకొన్న బొమ్మలున్నవి. ఇవి ఉండరాదని కాదు. ఇంటి ముందర అవ్వ చాట చెరుగుతూ ఉంటే, ఆమెను దాటిపోయి వాకిట్లో నిలిపిన కొత్త మోటారుసైకిలును తీసే పిల్లలను చూచినప్పుడు మాత్రం తెలుగు చెప్పుకొని బ్రతికే నావంటివానికి మనసు చివుక్కుమంటుంది.

వీడియో తీయడం విద్యార్థులకు మంచి వ్యాసంగం. అది ఖర్చుతో కూడినదనే భయం ఒకటి, దేనిని తీయవలెనో తెలియకపోవడం ఒకటి, ఈ రెండే అడ్డు. మొదటిది తీర్చడం సులువు. రెండవదానికే నేనీ వ్యాసంలో ఎక్కువ చోటు ఇవ్వదలచినాను.

ముందు డబ్బు సంగతి. మా చిట్యాలవంటి ఊళ్లలో చదువుకొనే పిల్లలకు జేబుఖర్చు అనే మాటే కొత్త. హైదరాబాదు నుండి విజయవాడ పోయే రహదారి మీద, చౌటుప్పలుకు నార్కటుపల్లికి నడుమ ఉన్న ఊరు ఇది. తండ్రి వరి పండించేవాడో, కల్లు గీసేవాడో, చుట్టుపక్కల కర్మాగారంలో నెలజీతగాడో అయి ఉంటాడు. "సార్, మంచి కెమెరా ఎంతకు వస్తుంది?" అని ఏ విద్యార్థి అయినా అడిగితే నేనిచ్చే సమాధానం ఒకటే: "కెమెరా కొనవద్దు నాయనా. మీ ఇంటిలో ఉన్న ఫోను చాలు." ఇది ఓదార్పు మాట కాదు. 2015లో అమెరికాలో షాన్ బేకర్ అనే దర్శకుడు 'టాంజరిన్' అనే పూర్తి నిడివి చిత్రాన్ని ఐఫోను 5ఎస్ తోనే తీసినాడు. ఈనాడు మన పిల్లల చేతులలోని సామాన్యపు ఫోనులలో చాలా వాటి శక్తి ఆ పనికి చాలినదే.

కొనవలసినవి రెండో మూడో చిన్న వస్తువులు. కొన్ని వందల రూపాయలకు దొరికే కాలరు మైకు ఒకటి, ఫోనును పట్టి నిలిపే చిన్న స్టాండు ఒకటి, చేతనైతే జ్ఞాపకశక్తి కార్డు ఒకటి. అన్నీ కలిపి రెండువేల రూపాయలకు మించనవసరం లేదు. అదీ లేదంటే స్టాండుకు బదులు ఒక చిన్న గుడ్డసంచిలో ఇసుక పోసి కుట్టుకోవలె. దానిని గోడ మీదనో, బండరాయి మీదనో పెట్టి, ఫోనును అందులో అదిమితే కదలదు. పాతకాలపు కెమెరావారి ఉపాయం మరొకటి ఉన్నది. ఫోను పట్టుకొనే కమ్మికి ఒక తాడు కట్టి, రెండవ కొసను కాలితో తొక్కిపెట్టి, తాడు బిగిసేవరకు ఫోనును పైకి లాగి పట్టుకొంటే చేతి వణుకు చాలావరకు ఆగుతుంది. ఖర్చు కొంచెం తాడు! ఏదీ లేనప్పుడు మోచేతులు డొక్కలకు ఆనించి, స్తంభానికి వీపు ఆనించి, ఊపిరి నెమ్మదిగా విడుస్తూ తీయవలె. డ్రోనుల మాట ఇప్పటికి వద్దు. ఆకాశం నుండి చూస్తే మన ఊరు ఎవరి ఊరివలెనైనా కనబడుతుంది.

సెకనుకు ఎన్ని బొమ్మలు, ఎంత స్పష్టత అనే లెక్కలు పిల్లలకు నాకంటె బాగా తెలుసు. ఒక్కటి మాత్రం చెప్పవలె. 4కె అనే పెద్ద స్పష్టత మీద మోజుపడనక్కరలేదు. ఫుల్ హెచ్.డి.లో తీస్తే చాలా ఫోనులలో నిమిషానికి సుమారు 130 మెగాబైట్లు పడుతుంది. అనగా 64 గిగాబైట్ల కార్డులో ఎనిమిది గంటలు తీయవచ్చును. 4కెలో తీస్తే ఆ కార్డు మూడు గంటలకే నిండుతుంది. పైగా దానిని కత్తిరించి కూర్చడానికి పాఠశాలలోని పాత కంప్యూటరు మొరాయిస్తుంది.

ఎనిమిది గంటలు! ఈ సమృద్ధియే మనకు శత్రువు. 1895 డిసెంబరు 28న పారిస్ నగరంలో లూమియేర్ సోదరులు మొదటిసారి రుసుము తీసుకొని జనానికి చూపిన చిత్రాలు ఒక్కొక్కటి సుమారు 50 సెకన్లు. వారి పెట్టెలో పట్టే ఫిలిం అంతే. మరుసటి ఏడు జులై 7న బొంబాయి వాట్సన్ హోటలులో మన దేశస్థులు చూచినవీ అటువంటివే. కర్మాగారం గేటు తెరవడం, కార్మికులు బయటికి రావడం; రైలు స్టేషనుకు వచ్చి ఆగడం. కెమెరా కదలదు, దగ్గరకు పోదు, దూరం జరగదు. 50 సెకన్లలో ఏదో మొదలై ఏదో ముగియవలె. 1965లో కొడాక్ కంపెనీ సూపర్ 8 అనే ఇంటి వినియోగపు ఫిలింను తెచ్చినప్పుడు కూడ ఒక్క డబ్బా 3 నిమిషాల 20 సెకన్లకు మించి నడిచేది కాదు. డబ్బా ధర, కడిగించే కూలి తలచుకొని, మీట నొక్కేముందు మనిషి ఆలోచించేవాడు.

కనుక వీడియో నేర్వదలచిన పిల్లలకు మొదటి పాఠంగా నేనీ నియమం పెట్టమంటాను: వారం రోజులపాటు రోజుకు ఒక్క దృశ్యం, 50 సెకన్లు, కెమెరా కదలరాదు. కుమ్మరి సారె తిరగడం, చిట్యాల స్టేషనులో గుంటూరు బండి ఆగడం, బర్రెలు చెరువు నుండి ఇంటికి మళ్లడం. ఏడవ నాటికి ఎక్కడ నిలువవలెనో, ఎప్పుడు మొదలుపెట్టవలెనో కన్ను తానే నేర్చుకొంటుంది. అధ్యాపకులు దీనిని తరగతిలో చేయించవచ్చును. ముప్పది మంది పిల్లలకు ముప్పది వ్యాసాలు దిద్దే శ్రమ కంటె ఇది తక్కువ.

రెండవ పాఠం ఒక పనిని ముక్కలుగా చూడడం. పని చేస్తున్న చేతులు దగ్గరగా. ఆ మనిషి ముఖం. మనిషి, పనిముట్టు, గది అన్నీ కనబడేటట్లు దూరంగా. ఆ మనిషి భుజం వెనుక నుండి ఆమె చూచేది. చివరకు మనకు తోచిన ఒక వింత కోణం. ఒక్కొక్కటి పది సెకన్లకు తక్కువ కాకుండ తీస్తే ఏ పనినైనా చూచేవారికి అర్థమయ్యేటట్లు కూర్చవచ్చును. దగ్గరగా చూపడానికి ఫోను తెర మీద వ్రేళ్లతో లాగి పెద్దది చేయడం కాదు, లేచి రెండడుగులు ముందుకు పోవలె. తెర మీద లాగితే బొమ్మ చెదరుతుంది.

దిక్కు విషయంలో పిల్లలు తరచుగా తికమకపడతారు. రహదారికి దక్షిణపు పక్క నిలిచి తీస్తే హైదరాబాదు పోయే బస్సు మన తెర మీద కుడి నుండి ఎడమకు పోతుంది. రోడ్డు దాటి ఉత్తరపు పక్కకు పోయి అదే బస్సును తీస్తే ఎడమ నుండి కుడికి పోతుంది. ఈ రెండు ముక్కలను పక్కపక్కన అతికితే, బస్సు ఏదో మరచిపోయి వెనుకకు మళ్లినట్లుంటుంది. అందుచేత ఒక సంఘటనను తీసేటప్పుడు ఒక పక్కనే నిలువవలె.

అడ్డంగా తీయవలెనా, నిలువుగానా అని వాదులాడేవారున్నారు. మోకు బిగించి తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుని నిలువుగానే తీయవలె, చెట్టు అట్లా ఉన్నది కనుక. మగ్గం అడ్డంగా ఉన్నది. దానిని అడ్డంగా తీయవలె.

మగ్గం మాట వచ్చినది కాబట్టి అసలు విషయానికి వస్తాను. మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో చేనేత ఊళ్లకు లోటు లేదు. చౌటుప్పలు మీదుగా పోతే సంస్థాన్ నారాయణపురం మండలంలో పుట్టపాక ఉన్నది. ఆముదపు కాయల బూడిదతోను, నూనెతోను నూలును పదును చేసి నేసే తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది ఆ ఊరి పేరు మీదనే. చిటికి కట్టి అద్దకం వేసి నేసే ఈ పద్ధతిలో నేతకు ముందు 'ఆసు పోయడం' అనే పని ఒకటి ఉన్నది. ఒక కొసన ఒక మేకు, ఎదుట అర్ధచంద్రాకారంగా వరుసగా మేకులు. ఈ మేకు నుండి ఆ మేకులకు దారాన్ని చేతితో అటు ఇటు త్రిప్పుతూ పోవలె. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మారులు అటు ఇటు తిరుగుతుందని లెక్క చెబుతారు. ఈ పని చేసేవారు ఆడవారు. భుజం పడిపోయేది కూడ వారికే. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మిగారి భుజం నొప్పి చూడలేక, బడిచదువు మధ్యలోనే ఆగిన చింతకింది మల్లేశంగారు ఏండ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం కనిపెట్టినారు. తల్లి పేరే దానికి పెట్టినారు. 2017లో పద్మశ్రీ వచ్చినది. 2019లో వారి కథ చలనచిత్రమైనది.

యంత్రం వచ్చినందుకు ఎవరూ విచారించనక్కరలేదు. భుజాలు బాగుపడినవి. కాని చేతితో ఆసు పోయడం తెలిసిన తరం ముసలిదైపోయినది. ఆ చేయి ఎట్లా వంగేదో, మేకు దగ్గర వ్రేలు ఎట్లా మెలి తిరిగేదో నేను పుట పొడుగునా వర్ణించినా చదువరులకు బోధపడదు. పది సెకన్ల వీడియో చూస్తే బోధపడుతుంది. పనిని మాటలలో పెట్టడం ఎంత కష్టమో, మాటలతోనే బ్రతికేవాడు ఒప్పుకోక తప్పదు.

మా విద్యార్థి ఒకడు యంత్రం కొనని తమ ఇంటిలో నాయనమ్మ ఆసు పోస్తుండగా నలుబది నిమిషాలు తీసినాడు. దానిని మూడు నిమిషాలకు కత్తిరించి, వెనుక ఒక సినిమా పాట పెట్టి నాకు చూపినాడు. బొమ్మ చక్కగా ఉన్నది. వెలుతురు ద్వారం నుండి పక్కవాటుగా పడి ఆమె చేతిని వెలిగించినది. "ఆమె పెదవులు కదులుతున్నవి, ఏమంటున్నది?" అని అడిగినాను. "లెక్కపెడుతున్నది సార్" అన్నాడు. ఆ లెక్క పాట క్రింద మునిగిపోయినది! మన పల్లెలలో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండ 'లాభం' అని మొదలుపెట్టే ఆచారం ఉన్నట్లే, ప్రతి వృత్తిలోను లెక్కకు దాని పలుకుబడి దానికుంటుంది. అదృష్టవశాత్తు ఆ పిల్లవాడు మూలాన్ని చెరపలేదు. పాట తీసివేసి, ఆమె గొంతు విని, మళ్లీ కూర్చినాడు. ఇప్పుడది ఏడు నిమిషాలున్నది. నడుమ ఆమె మనుమరాలిని "గట్టిగ గుంజకు బిడ్డా, పోగు తెగుతది" అని మందలించే చోట చూచేవారందరు నవ్వుతారు.

అందుచేత పిల్లలు తమ రెండువేలలో మొదటి రూపాయి మైకు మీద పెట్టవలెనని నా అభిప్రాయం. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా చూచేవారు ఓర్చుకొంటారు. మాట వినబడకపోతే లేచిపోతారు. ఫోనులోని మైకు అన్ని దిక్కుల శబ్దాన్ని పోగుచేస్తుంది. మాట్లాడేవారి మెడ క్రింద, జానెడు దూరంలో ఉన్న చిన్న మైకు మాటనే పట్టుకొంటుంది. కాలరు మైకు కొనే శక్తి లేకపోతే రెండవ ఫోను ఒకటి అడిగి తెచ్చుకొని, దానిలో ధ్వని మాత్రం నమోదు చేస్తూ ఆమె ఒడిలోనో, రైక దగ్గరనో ఉంచవచ్చును. మొదలుపెట్టేముందు కెమెరా ఎదుట ఒక్క చప్పట్లు చరచితే చాలు. తరువాత బొమ్మలో అరచేతులు కలిసే క్షణాన్ని, ధ్వనిలో చప్పుడు వినబడే క్షణాన్ని జతచేస్తే మాట, పెదవి కలిసిపోతవి. సినిమావారు పలక కొట్టడం కూడ ఇందుకే.

మగ్గం నడుస్తుండగా మాట్లాడించరాదు. ముందు మగ్గం ఆపించి మాటలు తీయవలె. తరువాత మాటలు లేకుండ మగ్గం చప్పుడు ఒక నిమిషం విడిగా తీసి పెట్టుకోవలె; కూర్చేటప్పుడు అది అన్ని చోట్లా పనికివస్తుంది. పంకా ఆపవలె. గాలికి గరగర రాకుండ మైకుకు స్పాంజి ముక్కో, మెత్తని గుడ్డో చుట్టవలె. తీసిన వెంటనే చెవులకు పెట్టుకొని వినవలె. ఇంటికి వచ్చి విన్నాక తెలుసుకొంటే మళ్లీ ఆమె తీరుబడిగా దొరికేది ఎప్పుడో!

వెలుతురుకు డబ్బు పెట్టనవసరం లేదు. మన మిట్ట ప్రాంతపు మధ్యాహ్నపు ఎండ రాళ్ల మీద పడి కన్ను మిరుమిట్లు గొలుపుతుంది. ముఖాల మీద కన్నులున్న చోట నల్లని గుంటలు పడతవి. ఉదయం తొమ్మిది లోపల, సాయంత్రం నాలుగున్నర తరువాత తీయడం మంచిది. లోపలి పనికి తలుపు తెరిచి, మనిషిని ద్వారానికి పక్కవాటుగా కూర్చుండబెట్టవలె. వెలుతురు పడని పక్క ఎవరినైనా తెల్లని దుప్పటి చాచి పట్టుకొనమంటే నీడ మెత్తబడుతుంది. ఇది పేదల ఉపాయమని సిగ్గుపడవద్దు. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' మొదలుపెట్టినప్పుడు ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రకు 21 ఏండ్లు. అంతకుముందు సినిమా కెమెరాతో పని చేసినవాడు కాదు. ఆయన 1956 నాటి 'అపరాజితో' చిత్రంలో కాశీలోని ఇంటి నడవను కలకత్తా స్టూడియోలో వేసినప్పుడు, పైన తెల్లని బట్ట కట్టి, దీపాల వెలుగును దాని మీదికి కొట్టి, అక్కడి నుండి క్రిందికి జారే మెత్తని వెలుతురులో తీసినాడు. తరువాత ప్రపంచమంతటా పేరు పొందిన ఆ పద్ధతికి మూలవస్తువు మన ఇండ్లలో దండెం మీద ఆరేసే బట్టయే.

ట్యూబులైటు క్రింద తీసినప్పుడు తెర మీద నల్లని చారలు పాకడం చాలమంది చూచి ఉంటారు. ఫోను చెడిపోయినదని బెదరుతారు కూడ. కారణం వేరు. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది. దీపం సెకనుకు 100 మారులు మినుకుతుంది. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. ఫోనులో ప్రో అనే అమరిక ఉంటే అందులో షట్టరు వేగాన్ని 50వ వంతుకో, 100వ వంతుకో నిలిపితే ఆ చారలు మాయమవుతవి. అట్లే తెర మీద ముఖం ఉన్న చోట వ్రేలు కొంచెంసేపు అదిమి ఉంచితే చాలా ఫోనులలో వెలుతురు, స్పష్టత అక్కడికి బిగిసిపోయి, మనిషి కదిలినప్పుడల్లా బొమ్మ నల్లబడి తెల్లబడే జబ్బు తగ్గుతుంది.

ఇక ఏ భాషలో అడగవలె అనేది మిగిలినది. కెమెరా ముందు నిలువగానే మన పిల్లలు వార్తలు చదివేవారి గొంతు తెచ్చుకొంటారు. "అమ్మా, ఈ వృత్తిలో మీరు ఎదుర్కొంటున్న సమస్యలేమిటి?" అని అడుగుతారు. ఆ తల్లి పాపం, రెండు ముక్కలు చెప్పి నోరు మూసుకొంటుంది. అదే పిల్లవాడు ఫోను క్రింద పెట్టి "అవ్వా, నువ్వు చిన్నప్పుడు ఎవలకాడ నేర్సుకున్నవే?" అంటే గంటసేపు చెబుతుంది. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్న వేయరాదు. సమాధానం అయిపోయిన తరువాత కూడ ఐదు సెకన్లు ఊరకుండవలె. మంచి మాట తరచుగా ఆ మౌనం తరువాతనే వస్తుంది.

ఈ సంగతికి మన రాష్ట్రంలోనే గొప్ప తార్కాణం ఉన్నది. జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని లంబాడిపల్లి అనే చిన్న ఊరిలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో 'మై విలేజ్ షో' అనే పేరుతో యూట్యూబులో వీడియోలు మొదలుపెట్టినారు. నటులు ఆ ఊరివారే, ఇండ్లు ఆ ఊరివే, పొలాలు ఆ ఊరివే. ఆ ఊరిలోనే కూలినాలి చేసుకొని బ్రతికిన గంగవ్వ వాటిలో మాట్లాడినది, ఇంటిలో మాట్లాడినట్లే మాట్లాడినది. 2020 నాటికి టెలివిజనులో బిగ్ బాస్ పోటీలో నిలిచేటంత పేరు ఆమెకు వచ్చినది. జనం వచ్చినది కెమెరా కొరకు కాదు, ఆ పలుకు కొరకు. సినిమాలలో తెలంగాణ మాటను ఏండ్ల తరబడి హాస్యగానికో, దుష్టునికో అప్పగించినవారు గంగవ్వను చూచి ఏమనుకొన్నారో! వారి వీడియోలన్నీ నాకు నచ్చినవని అనను. కొన్నిటిలో హాస్యం సాగదీసినట్లుంటుంది. అయినా మాటను దిద్దకుండ వదిలిన ధైర్యం మెచ్చదగినది.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1950ల దశకంలో బిరుదురాజు రామరాజుగారు జానపద గేయసాహిత్యం మీద పరిశోధన చేసినప్పుడు పాటలను కాగితం మీదికి ఎక్కించుకోవలసి వచ్చినది. కాగితం మీద పదం నిలుస్తుంది. బాణీ నిలువదు, పాడే ఆమె చేతి తాళం నిలువదు. నాట్లు వేసే ఆడవారు నడుము వంచి పాడే పాటలో ఊపిరి ఎక్కడ తీసుకొంటారో ఏ ముద్రిత ప్రతిలోను ఉండదు. పాలమూరు వైపు పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినది. సొరకాయ బుర్రల మీద నిలిచిన ఆ కిన్నెరకు ఎన్ని మెట్లున్నవో పుస్తకం చెబుతుంది. పండుగ సాయన్న కథ చెబుతూ ఆయన వ్రేలు ఏ మెట్టు మీద ఎప్పుడు పడుతుందో చెప్పగలది వీడియో ఒక్కటే. పాటకు పేరు రాని పాటగత్తెలు మన ఊరూరా ఉన్నారు. నాట్లు యంత్రాల చేతికి పోతున్నవి, పరాయి రాష్ట్రపు కూలీల చేతికి పోతున్నవి. పాట తెలిసిన చివరి ఆడవారిలో చాలమందికి డెబ్బది దాటినవి.

అనుమతి మాట మరువరాదు. బతుకమ్మ ఆడే చోటికి, జాతరకు, చావింటికి ఫోను ఎత్తుకొని పోవడం ఒకటి కాదు. ఎవరినైనా తీసేముందు అడగవలె. తీసినది వారికి చూపవలె. ఎక్కడ పెట్టదలచినామో చెప్పవలె. వద్దన్నది చెరిపివేయవలె. ఫ్లోరైడు నీటి మూలాన వంగిపోయిన కాళ్లను తీయడానికి మన జిల్లాకు ఎన్నో కెమెరాలు వచ్చినవి. ఆ కాళ్లు గలవారి పేరు, మాట, చమత్కారం, కోపం వాటిలో ఎన్నింటిలో ఉన్నవి? మనవారి వీడియోను మన పిల్లలు తీసినప్పుడైనా ముఖం ముందుండవలె.

తీసినదానిని కూర్చడానికి షాట్‌కట్, ఓపెన్‌షాట్, కేడెన్‌లైవ్ అనే సాధనాలు ఉచితంగా దొరుకుతవి. డావిన్చి రిజాల్వ్ అనేది కూడ ఉచిత రూపంలో ఉన్నది. కాని దానికి బలమైన కంప్యూటరు కావలె. ఏది తీసుకొన్నా నేర్వవలసినది ముఖ్యంగా కత్తిరింపే. ముక్కకు ముక్కకు నడుమ పూలు రాలడం, పేజీలు తిరగడంవంటి అలంకారాలు పెండ్లి వీడియోలవారికి వదిలిపెట్టవచ్చును. సినిమా పాటలకు హక్కుదారులుంటారు. యూట్యూబులో పెడితే అక్కడి యంత్రమే పసికట్టి ధ్వని ఆపివేయవచ్చును. అంతకంటె పెద్ద కారణం నేను పైన చెప్పినదే.

ఒక్క విషయం మాత్రం ఉపాధ్యాయులు పట్టుబట్టి చేయించవలె. కత్తిరించని మూలాన్ని రెండు చోట్ల భద్రపరచవలె. ఫోను నీళ్లలో పడుతుంది, బస్సులో పోతుంది. ప్రతి దృశ్యానికి తేదీ, ఊరు, పని, మనిషి పేరు, తీసినవారి పేరు వ్రాసి ఒక నోటుపుస్తకంలో ఉంచవలె. పాత ఇండ్లలో అటక మీద దొరికే ఛాయాచిత్రాలలోని కోటు వేసుకొన్న పెద్దమనిషి ఎవరో ఇంటిలో ఎవరికీ తెలియకపోవడం మనకందరికీ అనుభవమే. అటువంటి అనామకపు వీడియోలను కుప్పలుగా పోసిపెడితే రేపటి ప్రతాపరెడ్డిగారికి పద్యాలు ఏరుకొనడమే సుఖమనిపిస్తుంది.

తెలుగులో ఇటువంటి పని ఇంతకుముందు జరగలేదని కాదు. 'క్రీడాభిరామం'లో మంచన శర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులలో ఒక దినమంతా తిరుగుతూ కనబడినదెల్లా చెప్పుకొంటూ పోతారు. పూటకూళ్లిల్లు, ఆటలు, పాటలు, అంగడివీధులు. కోటను, కొలువును విడిచి వీధిని చూచినందుకే ఆ చిన్న కావ్యం చరిత్రకారులకు పెన్నిధి అయినది. చిట్యాల నుండి చెర్వుగట్టుకు మాఘమాసపు జాతరకు పోయే పిల్లలు ఇద్దరు జతగా, ఒకరు ఫోను పట్టుకొని, ఒకరు మైకు పట్టుకొని అట్లా తిరిగి చూడవచ్చును. గుడి గోపురాన్ని అందరూ తీస్తారు. గుట్ట క్రింద గాజులమ్మే ఆమె పిల్ల చేతిని గుప్పిటలో పిసికి, గాజు పగలకుండ ఎక్కించే ఒడుపును తీసినవారు అరుదు.

వీడియో పూర్తి అయిన తరువాత ఏ పోటీకో పంపేముందు, బడిలో ఒక శనివారం సాయంత్రం తెల్లదుప్పటి గోడకు కట్టి, ప్రొజెక్టరు ఉంటే దానితో, లేకపోతే తరగతిలోని టీవీ తెర మీద వేసి, తీయించుకొన్నవారిని పిలిచి ముందువరుసలో కూర్చుండబెట్టి చూపించవలె. మా విద్యార్థి అట్లా చూపినప్పుడు నాయనమ్మ మొదట తన ముఖం చూచి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వినది. మూడవ నిమిషంలో నవ్వు ఆపి, "గట్ల కాదు బిడ్డా, చిటికి కట్టుడు ముందుగాల పెట్టినవ్, ఆసు పోసినంకనే గద చిటికి కట్టేది" అన్నది. నిజమే, ముక్కల వరుస తారుమారైనది. అధ్యాపకులమెవ్వరమూ కనిపెట్టలేదు. ఆ పిల్లవాడు మరునాడు మళ్లీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు.